దురదగొండికి శ్రీకారం

ఒక పెద్ద అడవిలో వైద్యుడంటూ ఎవడూ లేడు. అందుకే రోగాలు తొందరగా తగ్గేవి. దెబ్బ తగిలితే గాయపాకు పసరు పిండేవాళ్లు. ఒళ్లు నొప్పులకి వావిలాకు కాచి పోసుకునేవాళ్లు. దురదగొండి జోలికి మాత్రం పోయేవాళ్లు కాదు. పిల్లలు మాటలతో పాటే మందులూ నేర్చుకునేవాళ్లు.

ఇది వాగీశం అనే నక్కకి నచ్చలేదు. అందరికీ తెలిసిన విద్యకి ఎవరు దండం పెడతారు? వెళ్లి మృగరాజు చెవిన వేశాడు.

"ప్రభూ, గాయం, దురద... ఇవా మొక్కల పేర్లు? పొరుగడవి వాళ్లు నవ్విపోతున్నారు. నాగరికమైన పేర్లు పెడదాం."

మృగరాజుకి మొక్కలు తెలియవు గానీ, నవ్వులపాలవడమంటే భయం. వెంటనే మూలికా మండలి వెలిసింది. వాగీశమే అధ్యక్షుడు. జన్మలో ఒక్క ఆకు నమిలిన పాపాన పోలేదు!

గాయపాకు శ్రీవనమంజరి అయింది. దురదగొండి శ్రీవనమంజుల అయింది. పాత పేరు పలికితే అడవి నుంచి వెలి. కొత్త పేరు సరిగ్గా పలికితేనే ఆకు కోసుకోవడానికి మండలి అనుమతి. కాలు చీరుకుపోయిన లేడి మండలి గుహ ముందు నిలబడి, కొత్త పేరు నోరు తిరక్క ఏడ్చింది.

"ముందు ఉచ్చారణ నేర్చుకురా" అన్నాడు, సిగ్గులేని వాగీశం.

ఓ రోజు వేటలో మృగరాజు పంజా చీలి, చీము పట్టింది. వేట లేదు, తిండి లేదు.

"పొద్దుగూకేలోగా తగ్గకపోతే నిన్నే తింటా" అన్నాడు వాగీశంతో.

మంజరి ఏదో, మంజుల ఏదో పేర్లు పెట్టినవాడికే గుర్తులేదు. ఎలుగుబంటి బోడెమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"గాయానికి ఏ ఆకు పెట్టాలే?"

"పాత పేరంటే అడవి దాటించెత్తానన్నావు. కొత్త పేరు నాకు నోరు తిరగదు. నానేటి సెప్పగల్ను బాబూ?" అంది బోడెమ్మ, తాపీగా తేనెపట్టు నాకుతూ.

వాగీశం తిట్టుకుంటూ, ఎదురుపడిన తీగని కాయలతో సహా నోట కరుచుకొచ్చి పంజాకి చుట్టాడు.

"శ్రీవనమంజరి, ప్రభూ!"

మృగరాజు ఎగిరిపడి, ఎడాపెడా గోక్కున్నాడు. "ఇదేం మందురా?"

"పనిచేస్తోంది ప్రభూ!" అన్నాడు వాగీశం, మూతి నేలకేసి రుద్దుకుంటూ.

"మరి నీ మూతికేం గాయమైందిరా?"

ఇక ఓర్చుకోవడం వాగీశం వల్ల కాలేదు. "దురదగొండి బాబోయ్, దురదగొండి!" అని అడవంతా వినబడేలా అరిచాడు.

పాత పేరు! తను పెట్టిన శాసనం ప్రకారమే అతన్ని అడవి అవతలికి తరిమేశారు. బోడెమ్మ నోరు మెదపకుండా గాయపాకు తెచ్చి పసరు పిండింది. పంజా మానింది.

ఆ సంతోషంలో మృగరాజు ఆ ఆకుకి తన పేరే పెట్టుకున్నాడు. శాసనం మాత్రం అలాగే ఉంది. లేడి ఇంకా కుంటుతోంది. కొత్త అధ్యక్షుడి కోసం వెతుకుతున్నారు.

నీతి: మొక్క పేరు మార్చడానికి వైద్యం రానక్కర్లేదు, దురద ఉంటే చాలు.