తలకేం పూసినావత్తా?

ఆ ఉదయం వినీల వేసుకున్న లెక్క తేలికైనదే. పదకొండింటికి ఆదిశేషమ్మ వస్తుంది, కూతురి పెళ్లి ముస్తాబుకు ఆర్డరు ఇస్తుంది. ముత్తుకూరులో పార్లరు తెరిచాక ఇదే తొలి పెళ్లి. ఇది జారిపోతే ఆ పార్లరు మూయించడానికి ఇంట్లో అందరూ కాచుకుని ఉన్నారు. మోటారు కాలిపోవడంతో భర్త నరేంద్రబాబు రొయ్యల గుంట దగ్గరి డ్రమ్ము తెచ్చి, నీళ్లు నింపిపెట్టి పోయాడు.

అంతలో అత్తగారు రాఘవమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని దిగింది. పెద్దింటామె వస్తోంది కదా, తానూ కాస్త బాగుండాలని వంటింట్లో కూర్చుని రంగు వేసుకుందట. జుట్టు సగమే నల్లబడింది. నుదురూ చెవులూ మాత్రం పూర్తిగా నల్లబడ్డాయి. వినీలకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటేమో ‘ఇంట్లో చెడిన రంగులు ఇక్కడ బాగుచేయబడును’ అని బోర్డు. కోడలికి పార్లరు ఉండగా వంటింట్లో రంగేసుకునే మనిషిని ఏమనాలి?

పళ్లు కొరుక్కుంటూ రంగు దించే మందు పట్టించి, డ్రమ్ము నీళ్లతో కడిగింది. నలుపు పోయింది. లేత అరిటాకు రంగు వచ్చింది.

"తలకేం పూసినావత్తా? నిజం చెప్పు."

"రంగే పూసినా. ఇంకేం పూయలా."

వినీల నమ్మలేదు. పార్లరుకు వచ్చేవాళ్లంతా ఇంట్లో గోరింటాకూ కరక్కాయా కలిపి పూసుకుని, అడిగితే ఏమీ లేదనేవాళ్లే. మళ్లీ మందు పట్టించి, ఈసారి రెండింతల నీళ్లు పోసింది. అరిటాకు ముదిరింది. రాఘవమ్మ మొగుడి మీద ఒట్టు పెట్టింది. మామగారిని మధ్యలోకి లాగొద్దని వినీల వీధికి వినబడేలా అరిచింది. వీధిలోనే ఉన్న ఆదిశేషమ్మ ఆ కేకలకు లోపలికొచ్చి, రాఘవమ్మ తల చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"మా పిల్లకూ ఇట్నే చేస్తావా అమ్మాయ్?"

ఇంట గెలవకముందే రచ్చకెక్కిందని వినీలకు ఉక్రోషం ముంచుకొచ్చింది. తప్పు తన మందుది కాదనీ, ఇంట్లో ఏదో పూసుకుని అబద్ధమాడే వాళ్లదనీ అంటూ, అదే మందు తన ముంగురులకు పట్టించుకుంది. ఆదిశేషమ్మ టీ తాగుతూ కూర్చుంది. కాసేపటికి వినీల డ్రమ్ము నీళ్లతో కడుక్కుని, గర్వంగా తువ్వాలు తీసి అద్దంలో చూసుకుంది. కళ్ల ముందు ఆకుపచ్చ పాయ వేలాడుతోంది.

అప్పుడే నరేంద్రబాబు వచ్చాడు.

"ఆ డ్రమ్ము ఖాళీ చేసినావా? గుంటలో నాచు చావాలంటే మైలుతుత్తం కలపాల. రోజూ కలిపేది దాంట్లోనే గదా."

"తుత్తం డ్రమ్ము కడగకుండానే తెచ్చినావా? మందు పెట్టిన జుట్టుకు ఆ రాగి తగిలితే పచ్చబడదా?"

"కడిగేదేముంది? పోసింది నీళ్లే గదా."

మొగుడి మీదికి చెంబు ఎత్తబోయిన వినీలకు రాఘవమ్మ అడ్డొచ్చింది. ఆకుపచ్చ ముడి బిగించుకుంటూ, కోడలి గొంతుతోనే అడిగింది.

"తలకేం పూసినావమ్మాయ్? నిజం చెప్పు."

తప్పయిందని వినీల ఒప్పుకోక తప్పలేదు. మందును తన తల మీదే పెట్టి చూసుకునే మనిషిని నమ్మవచ్చంటూ ఆదిశేషమ్మ ఆర్డరు ఖాయం చేసింది. పెళ్లికి నీళ్లు మాత్రం తామే తెచ్చుకుంటామంది.