ఖాళీ చేస్తేనే బలం

పదకొండు గంటలకు కోడలికి ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. ఫోన్లు తయారుచేసే కంపెనీలో, కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఏడాదిగా దానికోసమే కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. అందుకే మామగారు పొద్దున్నే కాఫీ తాగేసి, ఇంట్లో బ్యాటరీల బాధ్యతంతా తన నెత్తిన వేసుకున్నారు.

ఆయన ఫొటో స్టూడియోలో జీవితమంతా గడిపిన మనిషి. ఆ రోజుల్లో ఫ్లాష్ బ్యాటరీని చివరి చుక్క దాకా పిండి, ఆ తర్వాతే ఛార్జింగ్ పెట్టేవారు. సగంలో పెడితే బ్యాటరీకి సగమే గుర్తుంటుందని ఆయన గట్టి నమ్మకం. కనుక ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టి మూల కూర్చోబెట్టారు. కోడలి ఫోన్‌కూ తన ఫోన్‌కూ టార్చిలు వెలిగించారు. పవర్ బ్యాంకుకు చిన్న ఫ్యాను తగిలించి గోడకేసి తిప్పారు. అన్నీ ఆరిపోయాక ఒక్కసారి ఛార్జింగ్ పెడితే ఏనుగు బలం వస్తుందని ఆయన లెక్క.

కోడలు గది తలుపు తీయకుండానే అడిగింది. "మావయ్యగారూ, బ్యాటరీల సంగతి చూశారా?"

"అన్నీ చూశానమ్మా. నువ్వు నిశ్చింతగా తల దువ్వుకో."

చూశానంటే ఛార్జింగ్ పెట్టానని ఆమె అనుకుంది. ఒక్కటొక్కటీ చచ్చిపోతుంటే ఆయన తృప్తిగా తల ఊపారు. చివరి ఫోన్ కళ్లు మూయగానే ఛార్జర్లన్నీ వరసగా గుచ్చి స్విచ్ వేశారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కోడలు వచ్చి నల్లటి తెరల వంక చూసి కుర్చీలో కూలబడింది. పదకొండుకు ఇంకా కాస్త సమయమే ఉంది. ఆయన ఫ్యూజులు పీకి చూశారు, పక్కింటి తలుపు తట్టారు. వాళ్లింట్లోనూ కరెంటు లేదు. ఇక మిగిలింది అత్తగారి ఫోన్ ఒక్కటే. అదెక్కడుందో చెప్పమంటే ఆవిడ ససేమిరా అంది. తన ఫోన్‌నూ ఖాళీ చేయడానికే అడుగుతున్నారని ఆవిడ అనుమానం.

"అత్తయ్యా, నా ఉద్యోగం పోతుంది," అంది కోడలు నీరసంగా.

ఆవిడ బీరువాలో దుప్పట్ల మడతల్లోంచి ఫోన్ తీసి ఇచ్చింది. ఛార్జింగ్ అరవై శాతం పైనే ఉంది. "ఎప్పుడు వీలైతే అప్పుడు కాస్త పెడతాను. ఈయనకు తెలిస్తే గొడవని దాచుకున్నా."

ఇంటర్వ్యూ చేసే మేడమ్ ఆ ఫోన్ తెరమీదకు వచ్చి, ఆలస్యం ఎందుకైందని అడిగింది. కోడలు నోరు తెరిచేలోపే ఆయన మధ్యలో తల దూర్చి, తప్పు పిల్లది కాదని, బ్యాటరీకి జ్ఞాపకశక్తి ఉంటుందని పాఠం మొదలుపెట్టారు. కోడలు కళ్లు మూసుకుంది. అయిపోయింది అనుకుంది.

మేడమ్ ఆసక్తిగా ముందుకు వంగింది. "ఈయనకు మీరు నచ్చజెప్పండి, చూద్దాం."

కోడలు ఊపిరి పీల్చుకుంది. "మావయ్యగారూ, మీ ఫ్లాష్ బ్యాటరీలకు మీరు చెప్పింది నిజమే. ఇవి ఆ జాతి కాదు, లిథియం రకం. వీటిని మాటిమాటికీ అడుగంటా ఖాళీ చేస్తే తొందరగా ముసలివైపోతాయి. అత్తయ్యలా కాస్తకాస్త పెడుతుంటేనే ఎక్కువకాలం ఉంటాయి."

ఆయన ఒప్పుకోలేదు. స్టూడియో అనుభవం తీశారు, తన వయసు తీశారు, ఆఖరికి సొంత నడుం నొప్పిని కూడా సాక్ష్యానికి పిలిచారు. ఆమె గొంతు పెంచలేదు, నవ్వు చెరగనివ్వలేదు. చివరికి ఆయన "సరే, పోనీ," అన్నారు. కాపురానికి వచ్చాక ఆయన నోట ఆ మాట వినడం అత్తగారికి అదే మొదలు. ఆవిడ వంటగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"మాకు వచ్చే ఫోన్ కాల్స్‌లో ఇలాంటివే ఎక్కువ," అంది మేడమ్. "సోమవారం వచ్చి చేరండి."

సోమవారం కోడలు ఎత్తిన మొదటి ఫోన్‌లో కస్టమర్‌కు ఫిర్యాదేమీ లేదు. ఆ ఉద్యోగం కోడలికి తన వల్లే వచ్చిందని మేడమ్‌కు ఒక మాట చెప్పమన్నారంతే.