గున్వోర్ కథకు జరిగిన మేలు

మా ఊరి కథారచనా బృందం గున్వోర్ రాసిన కథను ఏకగ్రీవంగా మెరుగుపరచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మా స్వీడన్‌లో ముగ్గురు చేరితే బృందం, బృందం చేరితే కాఫీ, కాఫీ తాగాక తీర్మానం. ఒక్కరు కాదన్నా పని ముందుకు సాగదు కనుక ఎవరూ కాదనరు. "ఇంకొంచెం ఆలోచిద్దామా?" అంటారు.

గున్వోర్‌కు అరవై దాటాయి. ఆమె, అక్క మైలిస్ ఒకే భవనంలో పైన ఒకరు, కింద ఒకరు ఉంటారు. అందరూ వంతులవారీగా బట్టలుతుక్కునే గదిలో ఒకసారి మాటామాటా అనుకున్నారు. అప్పటినుంచి మాటల్లేవు. మెట్లమీద ఎదురైతే ఇద్దరి బూటు లేసులూ ఒకేసారి ఊడిపోతాయి, తలొంచుకుని కట్టుకుంటారు. నోటితో అనలేనిది కథలో రాసి, లైబ్రరీలో చదివే రోజున అక్కకు వినిపించాలని గున్వోర్ ఆశ. ఆ సంగతి మాకు దాచకుండా చెప్పింది పాపం.

కథ బ్రహ్మాండంగా ఉంది. మొదటి దృశ్యంలోనే అక్క, చెల్లెలి తడిబట్టలు తీసి నేలమీద పారేస్తుంది.

"నీ వంతు అయిపోయింది. గడియారం చూడ్డం రాదా?"

"అమ్మ దుప్పటిని నేలమీద పడెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయక్కా?"

పడీపడీ నవ్వాం, కళ్ళు తుడుచుకున్నాం. తర్వాత మెరుగుపరచడం మొదలుపెట్టాం.

"ఆ గడియారం మాట కాస్త కటువుగా లేదూ?" అన్నాడు మా సంచాలకుడు తోర్కెల్. తీసేశాం. బట్టలు పారేస్తే భవనంలో తక్కినవాళ్ళు నొచ్చుకుంటారని ఒకరన్నారు. అక్క వాటిని మడతపెట్టింది. ఒక్కరిదే తప్పంటే పక్షపాతమవుతుందని నేనే అన్నాను. తప్పును వర్షానికి అంటగట్టాం. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన ఇంగెయెర్డ్ గారు మొహం చిన్నబుచ్చుకున్నారు. వర్షమూ పోయింది. చివర్లో "క్షమించక్కా, నువ్వు మాట్లాడకపోతే నాకేం తోచట్లేదు" అన్న మాటొకటి మిగిలింది. పోట్లాటే లేనప్పుడు క్షమాపణ దేనికని దాన్నీ కొట్టేశాం.

"మరి నా కథ?" అంది గున్వోర్.

"ఇదిగో, నీ చేతిలోనే ఉందిగా!" అన్నాడు తోర్కెల్ ప్రేమగా. "ఏమైనా అభ్యంతరమా?"

అందరం ఆమెవైపే చూశాం.

"లేదులెండి," అంది.

చదివే రోజున మైలిస్ వచ్చింది. కోటైనా విప్పకుండా చివరి వరుసలో కూర్చుంది. కథలో అక్కాచెల్లెళ్ళు బట్టలుతుక్కుని, కాఫీ తాగి, ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు. చప్పట్లు మోగిపోయాయి.

మైలిస్ చెల్లెలి దగ్గరికి వచ్చి, ఇన్నేళ్ళకు నోరు విప్పింది.

"మన గురించి రాశావని ఎవరో అంటే పరుగెత్తుకొచ్చానే. మన సంగతి కాదన్నమాట."

గున్వోర్ ఏదో అనబోయింది. ఇంతలో తోర్కెల్ అడ్డొచ్చి, "చూశారా, ఒక్క మాట కూడా ఎవరికీ తగలదు!" అన్నాడు.

"అవునండీ, నాకూ తగల్లేదు," అని మైలిస్ వెళ్ళిపోయింది.

గున్వోర్ ఏడ్చింది. చూడలేక మేము కాఫీ బల్లవైపు తిరిగాం. నేనైతే సభామర్యాద పాటించి కప్పు నింపుకున్నాను. కార్యక్రమం జయప్రదమైందని అక్కడికక్కడే తీర్మానించాం. అందరం చేతులెత్తాం, గున్వోర్ కూడా ఎత్తింది.

ఆ చోట తామే ఉంటే ఎత్తేవారు కాదని నమ్మే పాఠకులెవరైనా ఉంటే, దయచేసి చెయ్యెత్తండి.