వజ్రమ్మ ముద్ర వేసిన ముప్ఫై ఆరు ఆకులు

ఒక పెద్ద అడవిలో ఎవరికి ఏ పనిపడ్డా చిలకనే అడిగేవారు. కొమ్మకొక చిలక. "ఇక్కడికి దగ్గరలో గోళ్ళు తీసేవాళ్ళెవరు?" అంటే చాలు, పేరూ పొద గుర్తూ పనివేళలూ గడగడా అప్పజెప్పేది. ఈ చిలకల సేవను నడిపేది నక్క జంబులయ్య.

ఒకనాడు మండలిలో పెద్దేనుగు తొండం ఎత్తి చట్టం చేసింది. సమ్మతి లేకుండా ఇకమీదట ఎవరి వివరాలూ చిలకల చేత పలికించరాదు. సభంతా తోకలు నేలకేసి కొట్టి హర్షించింది. తోక లేనివాళ్ళు పక్కవాళ్ళ తోకలు అరువు తీసుకుని మరీ కొట్టారు. అమలు చూడ్డానికి ఉడుమును గోప్యతాధికారిగా వేశారు. నియమాన్ని పట్టుకుంటే ఇక ఆయనది ఉడుంపట్టే.

మర్నాడే జంబులయ్య ముప్ఫై ఆరు టేకాకుల సమ్మతి పత్రంతో బయల్దేరాడు. పక్క అడవిలో వాడేదాన్నే మక్కీకి మక్కీ దింపించాడు. ముద్రకి నేరేడు రసం, ముద్ర వేసినవాళ్ళకి ఉచితంగా ఒక ఇప్పపువ్వు. ఎలుగుబంటి పూల కోసం పదకొండు ముద్రలు వేశాడు. సాయంత్రానికల్లా తాను మంగలీ, వకీలూ, మంత్రసానీ కూడా అయ్యానని చిలకల నోట విని, తూలుతూ ఆనందబాష్పాలు రాల్చాడు.

పళ్ళ డాక్టరు వజ్రమ్మ ఇప్పపూలకి లొంగే కుందేలు కాదు. జంబులయ్య వచ్చేసరికి ఆవిడ తల అడవిపంది నోట్లో ఉంది.

"ఏముందయ్యా అందులో?" అంది తల బయటికి తీయకుండానే.

"అంతా మీ రక్షణ కోసమేనమ్మా. తీరిగ్గా చదువుకోండి. సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతాను."

నిలబడతాననేసరికి వజ్రమ్మకి ఎక్కడలేని మొహమాటం ముంచుకొచ్చింది. పాపం, అంత పెద్దమనిషిని నిలబెట్టి చదువుకుంటే ఏం బావుంటుంది? మొదటి ఆకు మీద ఉన్న ‘నమస్కారం’ వరకూ చదివి, ముద్ర కొట్టేసింది.

తెల్లారి గుమ్మం ముందు చిలక గొంతెత్తింది.

"పళ్ళ డాక్టరు వజ్రమ్మ! ఈతపొద పక్కన మూడో బొరియ! వెనకదారి చీమలపుట్ట చాటున! పిల్లలు నలుగురు, బొద్దుగా ఉంటారు!"

వజ్రమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ వెనకదారి సంగతి వాళ్ళాయనకే పెళ్ళయిన రెండేళ్ళకి చెప్పింది! పిల్లల్ని గడ్డిలో దాచి, ఒక్క పరుగున తాటిమొద్దు పక్కనున్న వెనకదారిలోంచి నక్క గుహలో దూరింది.

"అదెలా తెలిసింది నీకు?"

"మీరే ఒప్పుకున్నారు కదమ్మా. ఇరవయ్యో ఆకు. మా చీమలొచ్చి కొలుచుకెళ్ళాయి," అన్నాడు జంబులయ్య వినయంగా. "శుభవార్త! చిరుతదొర రేపు పొద్దున్నే మీ దగ్గర పళ్ళు చూపించుకుంటారట."

దొర వేటాడాక మిగిలిన ఎముకలు ఎవరికి చేరతాయో అడవిలో అందరికీ తెలుసు.

"నా పేరు తీసెయ్యి! ఇప్పుడే!"

"తీయాలంటే ఆరు వర్షాకాలాలు పడుతుందమ్మా. పాతికో ఆకు."

ఏడుస్తూ ఉడుము దగ్గరికి పరిగెత్తింది. "ముద్ర మీదే. నేనేం చేయలేను," అన్నాడాయన, తన దగ్గరున్న సమ్మతి ఆకుల కట్ట తిప్పి చూసి.

"అయితే ఆ కట్ట ఇలా ఇవ్వండి. ఇప్పుడు చదువుతాను."

చదివింది. ఆకుల్ని నమలకుండా చదవడం కుందేలుకి ఎంత కష్టమో మనకేం తెలుస్తుంది! ముప్ఫై ఒకటో ఆకు దగ్గర ఆవిడ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అయ్యా, ఇది వినండి. ‘చిరునామాలో తప్పుందని ఎవరు చెప్పినా వెంటనే సవరించాలి. అందుకు ఎవరి సమ్మతీ అక్కర్లేదు.’"

ఉడుము మూడుసార్లు చదివాడు. "రాసుంది కాబట్టి చేయాల్సిందే."

"అయితే రాసుకోండి. పళ్ళ డాక్టరు, నల్లరాతి గుహ. వెనకదారి తాటిమొద్దు పక్కన."

మర్నాడు చిరుత బయల్దేరాడు. పుట్టి పెరిగిన అడవే అయినా, చిలకలొచ్చాక దొరకి దారులు గుర్తుండటం మానేశాయి. కొమ్మకొమ్మ దగ్గరా అడుగుతూ, నేరుగా జంబులయ్య గుహలో దూరాడు.

"దొరా! ఇది నా ఇల్లు!"

"చిలక చెప్పింది, పళ్ళ డాక్టరిల్లని. బొద్దుగా నలుగురు పిల్లలున్నారంది, ఏరీ?" చిరుత చుట్టూ చూశాడు. "పోనీలే. నువ్వూ బొద్దుగానే ఉన్నావు."

జంబులయ్య వెనకదారిలోంచి దూకాడు. "తాటిమొద్దు పక్కన!" అని అరిచింది చిలక. చిరుత అక్కడ ముందే నిలబడి ఉన్నాడు.

ఇక దారిలేక జంబులయ్య చేతులు కట్టుకున్నాడు. "కూర్చోండి దొరా. నోరు తెరవండి. ఎక్కడ నొప్పి?"

ఆ పూట గండం గడిచింది గానీ, పన్ను కుదుటపడినందుకు దొర సంతోషించి, రోజూ వస్తానన్నాడు. జంబులయ్య ఉడుము కాళ్ళ మీద పడ్డాడు.

"నా చిరునామా తీయించండి స్వామీ! నేను సమ్మతే ఇవ్వలేదు! పోనీ మళ్ళీ సవరించండి!"

"సవరణ ఒక్కసారే. ముప్ఫై రెండో ఆకు. ఇక తీసేయడమంటారా, ఆరు వర్షాకాలాలు," అన్నాడు ఉడుము. "మీ పత్రమే కదండీ, చదవలేదా?"

ఇప్పటికీ రోజూ పొద్దున్నే జంబులయ్య తల చిరుత నోట్లోనే ఉంటుంది. ఈతపొద పక్కన మాత్రం నలుగురు కుందేలు పిల్లలు బొద్దుగా, హాయిగా పెరుగుతున్నారు.

నీతి: ఎంత పొడుగు పత్రమైనా మొహమాటం లేకుండా చివరిదాకా చదవాలి, ముఖ్యంగా దాన్ని మీరే రాయించినప్పుడు.