తొమ్మిదో తరగతి నాలుగో నియమం

సోమవారం పొద్దున చరిత్ర టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో తరగతి ప్రపంచ చరిత్ర పిల్లల నుంచి ఈ ఏడాది తను ఏమేం ఆశిస్తోందో ఒక కాగితం మీద రాసి పంచిపెట్టడం, ఇంట్లో పెద్దవాళ్ల చేత సంతకం చేయించుకు రమ్మనడం. ఆ తర్వాత నదీ లోయల నాగరికతలు మొదలుపెట్టి, వారం తిరిగేలోపు పిల్లల్ని చక్రం కనిపెట్టిన కాలం దాకా లాక్కురావడం. అంతే. శనివారానికి ఆమె ఆ బడిలో చేరి రెండేళ్లు నిండుతాయి. ఆ రోజుకల్లా పెద్ద సారు సంతకం పెడితే ఉద్యోగం పర్మినెంటు. పెట్టకపోతే మళ్లీ దరఖాస్తులు, మళ్లీ ఇంటర్వ్యూలు, మళ్లీ ఎక్కడో కొత్త పంతులమ్మగా మొదటి మెట్టు. కాబట్టి ఆ ఒక్క వారం చడీచప్పుడు లేకుండా గడిచిపోతే చాలునని ఆమె కోరిక.

కళ్లజోళ్ల దుకాణం నడిపే భర్త, కాఫీ తాగుతూ ఆ కాగితాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదివాడు. ఊరందరికీ కళ్లద్దాలు పెట్టిన మనిషి తనకు మాత్రం ఇంకా అక్కర్లేదంటాడు. మొదటి నియమం, గంట కొట్టేలోపు కూర్చోవాలి. రెండోది, నోట్‌బుక్కుతో పాటు అట్లాసు తేవాలి. మూడోది, పక్కవాళ్లు మాట్లాడుతుంటే ఆవలించకూడదు, తప్పనిసరైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. నాలుగోది, ఎవరు ఏం చెప్పినా దానికి ఆధారం ఏమిటని మర్యాదగా అడగాలి, జవాబు నోట్‌బుక్కులో రాసుకోవాలి.

"ఈ నాలుగోది తీసెయ్. పిల్లల చేతికి అగ్గిపెట్టె ఇస్తున్నావు," అన్నాడాయన.

"ఆధారం అడక్కపోతే అది చరిత్ర కాదండీ, పిచ్చాపాటీ," అంది టీచరమ్మ.

ఆయన వాదించలేదు. పదిహేనేళ్ల సంసారంలో ఎక్కడ ఆగాలో ఆయనకు బాగా తెలుసు.

మంగళవారం ముప్పై ఎనిమిది కాగితాలూ ముప్పై ఎనిమిది సంతకాలతో తిరిగొచ్చాయి. ఎంత బాధ్యత గల తల్లిదండ్రులో అని ఆమె పొంగిపోయింది. పాపం, ఒక్కరు చదివితే ఒట్టు. మందుల షాపు నడిపే తల్లి అది విహారయాత్రకు అనుమతి పత్రమనుకుంది. బేకరీ యజమాని ఒక ట్రే పొయ్యిలోకి తోసి, ఇంకో ట్రే బయటికి లాగే సందులో పిండి చేత్తోనే సంతకం గీకేశాడు.

నిప్పు రాజుకుంది ఆ బేకరీలోనే. ఆయన కూతురిని తరగతిలో అందరూ లాయరమ్మ అంటారు. మంగళవారం సాయంత్రం ఆ పిల్ల సైకిలు టైరులో గాలి లేదని నసిగింది. ఆ తండ్రి, లోకంలో తండ్రులందరూ అనే మాటే అన్నాడు. నీ వయసులో నేను రోజూ ఐదు కిలోమీటర్లు నడిచి బడికెళ్లేవాణ్ణి అని. పిల్ల బుద్ధిగా నోట్‌బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, చాలా మర్యాదగా, "ఆధారం ఏంటి నాన్నా?" అంది.

ఆయన పిండి పిసకడంలో పడ్డాడు. లోపలి నుంచి నాన్నమ్మ మాత్రం తడుముకోకుండా అందుకుంది. ఐదు కిలోమీటర్లేమిట్రా, అప్పటి మన పాతింటి మేడ మీద నిలబడితే బడిగంట కొట్టేవాడి మీసాలు కనపడేవి కదా అంది. లాయరమ్మ ఆ పాత ఇంటి నుంచి బడి గేటు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. నాలుగు వందల పన్నెండు. అదీ రాసుకుంది, తండ్రి చేత పక్కన సంతకం కూడా అడిగింది.

బుధవారం తరగతిలో ఈ నాలుగు వందల పన్నెండు అడుగుల సంగతి విన్నాక నదీ లోయల నాగరికత ఎవరికి కావాలి? ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్క ఘన చరిత్ర ఉంది. మా అమ్మకి లెక్కల్లో ఎప్పుడూ తొంభైకి తగ్గలేదట, మా నాన్న ఒక్క రోజు కూడా బడి మానలేదట, మా బాబాయి పరుగు పందెంలో కప్పులు పెట్టడానికి ఇంట్లో చోటు చాల్లేదట. ఊళ్లో హైస్కూలు అదొక్కటే కావడం వల్ల వీళ్లంతా చదివింది కూడా అక్కడే. ఆధారాలన్నీ మెట్ల కింది రికార్డు గదిలో కట్టలు కట్టి ఉన్నాయి.

ఆ గదికి ఒక గుమస్తా ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ కట్టల మధ్య కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన దగ్గరికి వచ్చిన వాళ్లు ముగ్గురే, అందులో ఇద్దరు దారి తప్పి వచ్చారు. అలాంటిది బుధవారం మధ్యాహ్నం భోజనం బెల్లుకి గుమ్మం ముందు ముప్పై ఎనిమిది మంది వరస కట్టేసరికి మనిషి కళ్లు చెమర్చాయి. బెంచీ తుడిచి వేశాడు, చీటీలు చింపి వరస నంబర్లు ఇచ్చాడు, అడిగినవీ అడగనివీ అన్నీ దించి చూపించాడు. సాయంత్రానికల్లా ఊరు అట్టుడికిపోయింది. మందుల షాపు ఆవిడ లెక్కల మార్కులు ముప్పై నాలుగు. బేకరీ యజమాని గురించి అప్పటి మాస్టారు ప్రవర్తన గడిలో రాసింది ఇది: తరచుగా నిద్ర, అప్పుడప్పుడు గురక.

గురువారం పొద్దున పెద్ద సారు గదిలో పద్నాలుగు మంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఆ వార్త టీచరమ్మ చెవిన పడింది. శనివారానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ముందుజాగ్రత్తగా సంతకాల కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వెళ్లింది. ఇంట్లో చిన్నా పెద్దా లేకుండా పోయిందనీ, పిల్లల ముందు తలెత్తుకోలేకపోతున్నామనీ అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆమె నెమ్మదిగా బేకరీ ఆయన కాగితం తీసి, నాలుగో నియమం మీద వేలు పెట్టి, ఈ సంతకం మీదే కదండీ అని అడిగింది.

"నాదేనమ్మా," అన్నాడాయన నిజాయితీగా. "కానీ అది సంతకం కాదు, అలవాటు."

పెద్ద సారు నిండైన మనిషి, నిండైన గొంతు. ఆయన చెయ్యెత్తగానే గది సద్దుమణిగింది. పిల్లలు అడిగితే భయమెందుకు, మన బతుకు తెరిచిన పుస్తకంలా ఉండాలి అన్నాడు. తనూ ఈ బడిలోనే చదివాననీ, చదివినన్నాళ్లూ చరిత్రలో తరగతికి మొదటివాడినేననీ చెప్పాడు. రోజూ పొద్దున అసెంబ్లీలో చెప్పే మాటే. అది విని తల్లిదండ్రులు సిగ్గుపడి సర్దుకున్నారు. టీచరమ్మ ఊపిరి పీల్చుకోబోతూ గుమ్మం వైపు చూసింది. అక్కడ లాయరమ్మ నిలబడి, పెద్ద సారు అన్న మాటను తలొంచుకుని శ్రద్ధగా నోట్‌బుక్కులో రాసుకుంటోంది.

దానికి తోడు, అందరూ వెళ్లాక పెద్ద సారు ఆమెను ఆపి, "మీ ఫైలు నా బల్ల మీదే ఉందమ్మా, మర్చిపోకండి," అన్నాడు. ఇంతకంటే సూటిగా ఏ మనిషి బెదిరిస్తాడు?

సాయంత్రం ఆమె ఇంటికి బయల్దేరుతుంటే మెట్ల కింద మాటలు వినపడ్డాయి. పెద్ద సారు చదివిన ఏళ్ల రిజిస్టరు అన్నిటికంటే పై అరలో ఉంది, రేపు పొద్దున నిచ్చెన తెస్తానమ్మా అని గుమస్తా లాయరమ్మకు మాటిస్తున్నాడు. ఇంటికెళ్లి భర్తకు చెప్పుకుంది. నిజంగానే ఫస్టు వచ్చాడేమో, నీకెందుకు కంగారు అన్నాడాయన. నిజంగా ఫస్టు వచ్చినవాళ్లు రోజూ చెప్పుకోరండీ అని ఆమె తల పట్టుకుంది. పొద్దుపోయే వరకు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. రేపు అందరికంటే ముందు వెళ్లి ఆ రిజిస్టరు తీసి దాచేయాలి. శాశ్వతంగా కాదు. శనివారం దాకా. దాన్ని దొంగతనం అనరని, ప్రాచీన పత్రాల సంరక్షణ అంటారని తనకు తానే సర్దిచెప్పుకుంది.

శుక్రవారం ఏడు గంటలకు బడిలో పిట్ట లేదు. చేతిలో కూరగాయల సంచీతో ఆమె మెట్ల కిందికి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసి ఉంది కానీ తాళం లేదు. తోసింది. లోపల స్టూలు మీద నిలబడి, నెత్తినిండా బూజుతో, పై అరలోకి చెయ్యి చాపి పెద్ద సారు ఉన్నాడు. చంకలో ఖాళీ బ్రీఫ్‌కేసు.

తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఆయన, దుమ్ము దులుపుదామని వచ్చాను అన్నాడు. ఆమె, నేనూ అందుకే సార్ అంది. ఆయన పట్టు జారడంతో రిజిస్టరు వచ్చి ఆమె కాళ్ల దగ్గర తెరుచుకుని పడింది. పెద్ద సారు పేరు ఎదురుగా, చరిత్ర: పంతొమ్మిది. కింద ఎర్ర సిరాతో, తొమ్మిదో తరగతి మళ్లీ చదవవలెను.

పెద్ద సారు స్టూలు దిగి దాని మీదే కూలబడ్డాడు. ఆ గొంతులో నిండుదనం పోయింది. "మొదటిసారి ఊరికే అనేశాను టీచర్. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత రోజూ అనకపోతే ఏం బాగుంటుందని... ఇప్పుడేం చేద్దామంటారు?"

సంచీ ఆమె చేతిలోనే ఉంది. రిజిస్టరు అందులో సరిగ్గా పడుతుంది. పడితే ఆయన జన్మంతా మర్చిపోడు, రేపు సంతకం ఖాయం. కానీ ఆయన నెత్తిమీద బూజు చూస్తే ఆమెకు జాలేసింది, తన చేతిలో సంచీ చూసుకుంటే సిగ్గేసింది. మూడు రోజులుగా ఊళ్లో తల్లిదండ్రుల పరువు తీయించి, ఇవాళ తన అవసరం కోసం కాగితం దాచేస్తుందా?

"ఎక్కడిది అక్కడే పెట్టేద్దాం సార్," అంది. అన్నాక గాని ఏమన్నదో ఆమెకు తెలియలేదు. ఉద్యోగం అక్కడితో సరి అనుకుంది.

అప్పుడే నిచ్చెన ఒక కొస గుమస్తా, ఇంకో కొస లాయరమ్మ పట్టుకుని లోపలికొచ్చారు. పొద్దున్నే తన గదిలో ఇద్దరు అతిథుల్ని చూసి గుమస్తా ముఖం వెలిగిపోయింది. లాయరమ్మ నేల మీద తెరిచి ఉన్న పేజీ వంగి చదివింది. నవ్వలేదు. తర్వాతి ఏడాది పేజీ కోసం తిప్పితే అది ఎలుకలు కొట్టేసి ఉంది. ఆ పిల్ల పెద్ద సారు వైపు తిరిగి, రెండోసారి ఎన్ని మార్కులు వచ్చాయో మీరు చెబితే రాసుకుంటాను, లేకపోతే సగమే రాసినట్టు ఉంటుంది సార్ అంది.

"అరవై ఒకటి," అన్నాడాయన. నిజమే చెప్పాడు, కానీ ఆ గొంతు విన్నవాళ్లెవరూ నమ్మరు.

"ఆధారం ఉందా సార్?"

ఆయన తల దించుకున్నాడు. నిచ్చెన గోడకు ఆనిస్తున్న గుమస్తా ఇటు తిరక్కుండానే, "నేనున్నాను కదమ్మా," అన్నాడు. "సార్‌కి అరవై ఒకటి, నాకు పదిహేడు. ఇద్దరిదీ ఒకే బెంచీ. రాత్రీ పగలూ చదివాడు ఆ ఏడాది."

పెద్ద సారు తలెత్తి, ఆ పాత బెంచీ స్నేహితుణ్ణి ఇప్పుడే గుర్తుపట్టినట్టు చూశాడు. రోజూ అసెంబ్లీలో వెనక వరసలో నిలబడి ఆ మొదటి ర్యాంకు కథ వింటూ వచ్చిన మనిషి! ఇన్నేళ్లూ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదని అడిగితే, "నన్నెవరూ అడగలేదు సార్," అన్నాడు గుమస్తా, కట్టలు సర్దుకుంటూ.

ఆ పొద్దున అసెంబ్లీలో పెద్ద సారు తన పంతొమ్మిది మార్కుల సంగతి మైకులోనే చెప్పేశాడు. ఆ ఏడాది తను ఎంత ఏడ్చాడో, పక్క బెంచీలు నవ్వుతుంటే మళ్లీ వచ్చి ఎలా కూర్చున్నాడో చెప్పాడు. ఎప్పుడూ కొట్టేవాటికంటే గట్టిగా చప్పట్లు మోగాయి. కబురు మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. పంతొమ్మిది ముందు ముప్పై నాలుగంటే మాటలా? మందుల షాపు ఆవిడ తన మార్కుల కాపీ తెప్పించుకుని అద్దాల బీరువాలో పెట్టించుకుంది. బేకరీ ఆయన కూతురి నోట్‌బుక్కులో నాలుగు వందల పన్నెండు పక్కన ఈసారి చదివి మరీ సంతకం పెట్టాడు. బడికి ఒక బుట్టెడు బన్నులు వచ్చాయి.

శనివారం టీచరమ్మ గుండె దిటవు చేసుకుని పెద్ద సారు గదిలోకి వెళ్లింది. ఆయన, మొన్న గుర్తుచేసినా వచ్చి తీసుకెళ్లరేమిటి అని మెత్తగా కసిరి ఫైలు చేతికిచ్చాడు. పర్మినెంటు ఉత్తర్వు. ఆమె దణ్ణం పెట్టింది. వరండాలోకి వచ్చి, అక్షరం అక్షరం తడిమి చదువుకుని, చివర సంతకం కింది తేదీ దగ్గర ఆగిపోయింది. సోమవారం. ఆమె కాగితాలు పంచిన రోజే, ఈ గొడవలేవీ మొదలుకాకముందే పెట్టేసిన సంతకం.

చరిత్రలో తేదీలు అంత ముఖ్యం కాదని పిల్లలకు చెప్పడం ఆమె ఆ రోజు నుంచి మానేసింది.