ఈరన్న పార

యుద్ధం వచ్చి ఇనుముకూ బొగ్గుకూ కరువొచ్చిన రోజులు. మధ్యాహ్నానికల్లా కొలిమి ఆర్పేసి షంషాద్ బీ నడుము వాల్చాలన్నది ఆ పొద్దుటి ఏర్పాటు. ఇరవై ఏళ్ళు కొలిమి తిత్తి లాగీ లాగీ ఆమె కుడి భుజం తల దువ్వుకోవడానికి కూడా లేవడం లేదు. ఆమె మొగుడు ఇమాం వలి కొలిమికి మట్టి కప్పు కట్టాడు. వేడి బయటికి పోదు. సగం బొగ్గుతో, సగం లాగుడుతో పని తెములుతుంది. పారకు మందం ఇనుము మాని, పలచటి రేకు నడుమ వెన్నెముకలా ఒక మడత కొట్టాడు. పార బరువు సగమైంది, గట్టితనం పెరిగింది.

"బొగ్గు మిగలాలని చేస్తాండాలే" అన్నాడు. ఆమె నమ్మినట్టే తలూపింది.

ఈ కొత్త తరహాలో మొదటి పార పెద్ద ఈరన్నది. ఇనుమూ ఆయనదే, పాత బండిచక్రం పట్టా. మిగిలిన ముక్కను తిరిగిద్దామని గోనెలో చుట్టిపెట్టి, ఆ మాట భార్యకు చెప్పడం మరిచి, ఇమాం వలి బొగ్గుకు పోయాడు.

ఈరన్న వచ్చి పారను చేత్తో తూచాడు. "ఇది పారనా, విస్తరాకునా? నా ఇనుము యాడికి పోయిందమ్మా?"

షంషాద్ బీకి తెలియదు. మొగుడు దొంగ కాడని మాత్రం తెలుసు. "ఇంకా పని ఉండాదన్నా. మధ్యాహ్నం రా" అని పంపి, పార బరువు తూగేలా పిడికి బరువైన కట్టె కోసం పొరుగింటి జానమ్మ దగ్గరికి పోయింది. పాత రోకలి అడగడం ఒక్క మాటే. జానమ్మ ఇంట్లో ఒక్క మాటకు గంట పడుతుంది.

ఈలోగా ఇమాం వలికి దారిలోనే ఈరన్న మాట చేరింది. సిగ్గుతో ఇంటికి తిరిగొచ్చి గోనెలోని ఇనుమంతా కాల్చి పార మెడకు కడియంలా బిగించి, భార్యకు మొహం చూపలేక మళ్ళీ బయటికి పోయాడు. షంషాద్ బీ వచ్చి కట్టె తీసి రోకలి దిగ్గొట్టింది. కడియాన్ని పొద్దున తాను గమనించలేదనీ, అదీ కొత్త తరహాలో భాగమేననీ అనుకుంది. పార లేవకపోతే ఆ నేరం తన భుజం మీదే వేసుకుంది.

మధ్యాహ్నం ఈరన్న వచ్చి, బరువు చూసి సంతోషంగా మోసుకుపోయాడు. పొద్దు వాలేలోగా బండిలో పడుకుని వచ్చాడు. వెంట భార్య కృష్ణవేణమ్మ.

"ఎత్తింది ఎత్తినట్టే నడుము పట్టుకుండాది. ఈ పారను నేను మోయాల్నా, ఇది నన్ను మోయాల్నా?" అన్నాడు ఈరన్న.

అప్పుడే ఇల్లు చేరిన ఇమాం వలి పారను చూశాడు. "రోకలి ఎవరు పెట్టింది?"

"కడియం ఎవరు వేసింది?" అంది షంషాద్ బీ.



"కడియం నీ ఇనుమే ఈరన్నా, మిగిలింది" అన్నాడు ఇమాం వలి. "పార తేలిగ్గా చేసింది తిత్తి లాగుడు తగ్గాలని, దీని భుజం కోసం."

"బొగ్గు కోసమంటివే" అంది ఆమె, మెల్లగా.

కడియం ఊడదీసి పాత కట్టె వేశాడు. కృష్ణవేణమ్మ పార అందుకుని వాకిట్లో సుద్దరాళ్ళ మీద నాలుగు వేట్లు వేసింది. అంచు చెక్కుచెదరలేదు, ఆమెకు ఆయాసం రాలేదు.

"ఆ కడియంతో నాకొకటి చేసియ్యప్పా" అంది.

వారానికల్లా ఊరంతా పారలడిగింది. తిత్తికి ముందుకన్నా పని పెరిగింది. షంషాద్ బీ ఒక కట్టడి పెట్టింది: ఎవరి పారకు వాళ్ళే తిత్తి లాగాలి. ఇంకొక పారకని వచ్చిన ఈరన్నదే మొదటి వంతు.

ఆమె మంచం మీద కూర్చుని "ఇంకా గట్టిగ లాగన్నా" అంటుండేది. అందులో సగం లాగుడు చాలన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.