అంజమ్మ చెప్పని పేరు

శుక్రవారం పదకొండింటికల్లా జాబితా పంపేసి, రెండు గంటల బస్సుకు అనంతపురం వెళ్లిపోవాలని యశ్వంత్ పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. కొండాపూర్‌లో అతను పనిచేసే ఆఫీసు, సర్కారు ఇళ్లకు దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాల వివరాలను జల్లెడ పడుతుంది. పేరు, పుట్టిన తేదీ, గల్లీ, భర్త పేరు నాలుగూ కలిస్తే ఇద్దరూ ఒకే మనిషని, ఒకరిని కొట్టేయాలని యశ్వంత్ ఒక సూత్రం రాశాడు. పుట్టిన తేదీ తెలియని వాళ్లందరికీ ఆధార్ కార్డులో జనవరి ఒకటి వేస్తారని అతనికి తెలియదు. ఏటా పుట్టినరోజున ఆఫీసులో కేకు కోసుకునేవాడికి ఆ సంగతి ఎందుకు తెలుస్తుంది! సూత్రం నాలుగు వందల పన్నెండు మందిని కొట్టేసింది. యశ్వంత్ జాబితా పంపేసి టీ తెచ్చుకున్నాడు.

అరగంటలో అంజమ్మ వచ్చింది. ఆ అంతస్తు ఊడ్చి తుడిచేది ఆమే.

"సార్, జర ఈ మెసేజ్ సదువుండ్రి. ఇల్లొచ్చిందంటనా?"

"మీ పేరు రెండుసార్లు ఉందంటమ్మా. ఒకటి..." యశ్వంత్ గొంతు తగ్గింది. "తీసేసినారు."

"రెండుసార్లేంది సార్? ఎనిమిదేండ్ల సంది నేనొక్కదాన్నే తిరుగుతున్న గద! బోరబండల రేకుల రూములున్నం. వచ్చే నెల ఖాళీ చెయ్యుమన్నడు ఓనరు. ఇగ యాడికి పోవాలె?"

తెర మీద చూశాడు. అదే గల్లీలో ఇంకో అంజమ్మ ఉంది. ఆమెదీ అదే ఏడాది, అదే జనవరి ఒకటి. ఇద్దరికీ భర్త పేరు గడి ఖాళీ. ఖాళీకి ఖాళీ సరిపోయింది.

"భర్త పేరు ఎందుకు చెప్పలేదమ్మా?"

"పెనిమిటి పేరు నోటితోని ఎట్ల జెప్త సార్? ఆయన ఆయుష్షు తగ్గదా? ఆ పక్కింటి అంజమ్మ గూడ చెప్పలే."

"ఇప్పుడైనా చెప్పండి."

"కింద గేటు కాడనే ఉంటడు. మీరే అడుగుండ్రి."

సెక్యూరిటీ లింగయ్య పైకొచ్చి, సెల్యూట్ కొట్టి, తన పేరు తానే చెప్పుకున్నాడు. కానీ కొట్టేసిన పేరును తిరిగి పెట్టాలంటే టీమ్ లీడ్ తేజస్విని అనుమతి కావాలి. అడిగితే తప్పు బయటపడుతుంది. అడగకుండా చేయగలిగింది ఒక్కటే, కుటుంబ పెద్దను మార్చడం. అంజమ్మ స్థానంలో లింగయ్యను పెడితే ఆగిన దరఖాస్తు కదులుతుంది. మార్పుకు కారణం అడిగింది కంప్యూటర్. అందులో ఉన్నవి రెండే, విడాకులు, మరణం.

"విడాకులా?" లింగయ్య మొహం మాడిపోయింది. "ముప్పై ఏండ్ల సంసారం సార్. మా ఇజ్జత్ ఏంగావాలె?"

అంజమ్మ తుడిచే మాపు కర్రను గోడకు ఆనించింది. "సచ్చిపోయిన్నని కొట్టుండ్రి సార్. కాయిదంల సస్తే ఏమైతది? ఇద్దరం ఒక్కకాడనే ఉంటం గద."

యశ్వంత్‌కు సిగ్గేసింది. బస్సు టైమూ గుర్తొచ్చింది. 'మరణం' అని కొట్టాడు.

భార్య పోయి ఒంటరిగా మిగిలిన పెద్దవయసు మనిషి కాబట్టి లింగయ్యకు మార్కులు పెరిగాయి. మూడు వారాల్లో పేరు పైకి ఎగబాకింది. పుప్పాలగూడ అవతల కట్టిన ఇళ్లలో ఒకటి అతనికి రాసిపెట్టారు. అంజమ్మ అంతస్తంతా లడ్లు పంచింది. చచ్చిపోయిన మనిషి పంచిన లడ్డు తిని తేజస్విని, "సూపర్ ఉంది ఆంటీ," అంది.

తాళాలిచ్చే రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ సెలవు పెట్టి వెళ్లారు. లింగయ్య వేలిముద్ర వేయబోతుంటే కౌంటర్‌లో గుమస్తా ఆపాడు.

"పెద్దాయనా, పట్టా ఆడామె పేరు మీదనే ఇస్తరు. మీ ఇంట్ల ఆడామె లేదు గద."

"నేనున్న గద సార్!" వెనకనుంచి అంజమ్మ దూసుకొచ్చింది. "ఈయన పెండ్లాన్ని నేనే!"

"పెండ్లానివైతే ఈయన పేరు చెప్పు."

అంజమ్మ లింగయ్య వైపు చూసింది. అతను తలదించుకున్నాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, ముప్పై ఏళ్లుగా అదిమిపెట్టిన పేరును వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అరిచింది.

"లింగయ్య! నా పెనిమిటి పేరు లింగయ్య!"

లింగయ్య ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. ఏమీ కాలేదు.

గుమస్తా తెర చూశాడు. "లింగయ్య భార్య పోయిన నెలనే చనిపోయిందమ్మా. గిట్ల అబద్ధాలు చెప్తే కేసైతది, జరుగు." లింగయ్య పేరు పక్కన గీత కొట్టి గట్టిగా పిలిచాడు. "తర్వాత, అంజమ్మ!"

అంజమ్మ అలవాటుగా ఒక అడుగు ముందుకేసింది. పక్కింటి అంజమ్మ ఆమెను దాటుకుని వెళ్లి తాళం తీసుకుంది. భర్త పేరు అక్కడ ఎవరూ అడగలేదు.

సోమవారం తేజస్విని అందరికీ మెయిల్ పెట్టింది. జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు ఉండటమన్నది ఇప్పుడు సున్నా అని, ఆ ఘనత యశ్వంత్‌దేనని. నిజం చెప్పేద్దామని అతను రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు.

దివంగత అంజమ్మ వచ్చి, అతని బల్ల తుడిచి, కప్పు తీసుకుని వెళ్లింది.